నవాబు తాగిన గంజి

నిజాం రాజ్యం పోయి పదేళ్లు దాటినా, మానేరు ఒడ్డున రామన్నపేట సాలెవాడలో ఒక నవాబు మాత్రం దర్జాగా మిగిలిపోయాడు. ఆయన సక్కుబాయి ఇంటి పొట్టేలు. పుట్టిన నాడే తల్లి చచ్చిపోతే, మందలో ఉంటే బతకదని గొల్ల మొండయ్య ఆ పిల్లను తెచ్చి సక్కుబాయి కూతురు నర్మద ఒడిలో పెట్టి పోయాడు. నర్మద గుడ్డ వత్తిని పాలలో ముంచి చీకించి బతికించింది. పెళ్లై షోలాపూరు పోయేనాడు తల్లిని పట్టుకొని కాసేపు, పొట్టేలును పట్టుకొని అంతకంటే ఎక్కువసేపు ఏడ్చింది. ఆ సంగతి సక్కుబాయి నవ్వుతూనే చెబుతుంది గాని, కొంచెం మనసులో పెట్టుకునే చెబుతుంది.

కూతురు పోయాక ఆ ప్రేమంతా పొట్టేలుకే దక్కింది. పొద్దున లేస్తే నవాబు వాడంతా ఒక చుట్టు తిరిగి, ఎవరి గడపలో ఏది ఆరబోసి ఉంటే అందులో తన వాటా తాను తీసుకొని ఇంటికి వచ్చేవాడు. ఎవరైనా అదిలిస్తే నిలబడి, అదిలించిన మనిషిని తలనుంచి కాలిదాకా ఒకసారి చూసి, తీరిగ్గా కదిలేవాడు. ఆ చూపు చూసే ఆయనకు ఆ పేరు పెట్టారు.

ఇక సక్కుబాయికి వాడలో ఉన్న పేరంతా గంజి వల్ల వచ్చింది. నేత పనిలో గంజి లేకపోతే నూలు మగ్గం మీద నిలవదు. పడుగు పోగులకు గంజి పట్టించి, వీధి పొడవునా గుంజలకు సాగదీసి కట్టి, కుంచెతో దువ్వి ఆరబెట్టాలి. పలచనైతే పోగు తెగుతుంది, చిక్కనైతే పెళుసెక్కుతుంది. సక్కుబాయి కాచిన గంజి మాత్రం ఎంత కావాలో అంతే ఉండేది. కుండలో వేలు ముంచి, బొటనవేలితో రుద్ది చూసి, అయిందంటే అయినట్టే. ఆమె భర్త కైలాసం మంచి నేతగాడే. అయినా వాడలో వాళ్లు నేసేది కైలాసం, నిలబెట్టేది సక్కుబాయి అనేవాళ్లు. ఆ మాట వినపడినప్పుడల్లా కైలాసం వినపడనట్టు బీడీ వెలిగించేవాడు.

అంత మంచి గంజికీ వానాకాలం ఒక శత్రువు. తిండి పిండితో కాచిందే కదా, ముసురు పట్టి తేమ తగిలితే బూజు పడుతుంది. పడుగు మగ్గం మీద ఉండగానే బూజెక్కి, నేసిన గుడ్డ మీద నల్లచుక్కలు తేలతాయి. ఆ గుడ్డను కొనే నేతగాళ్ల సొసైటీకి తీసుకుపోతే అక్కడి గుమస్తా మశూచి వచ్చిన పిల్లవాణ్ని చూసినట్టు దూరం నుంచే చూసి పక్కన పెట్టేవాడు. ఏటా ఆషాఢం వచ్చిందంటే చాలు, సాలెవాడలో ఆకాశం కంటే ముందు మనుషుల మొహాలకు మబ్బు పట్టేది.

ఆ ఏడు ఆషాఢం ముందర అల్లుడు దేవదాస్ నర్మదను తీసుకొని వచ్చాడు. తొలి కాన్పు పుట్టింట్లోనే కావాలి గదా. దేవదాస్ షోలాపూరు మిల్లులో పడుగుకు గంజి పట్టించే విభాగంలో పనిచేస్తాడు. మంచివాడు, మాటకారి, వెళ్లిన ప్రతి ఇంట్లో పెద్దవాళ్లకు మొక్కి పెట్టింది తిని మెచ్చుకునే రకం. అటువంటి అల్లుడు ఒకరోజు మధ్యాహ్నం అత్తనూ మామనూ మగ్గం గదిలోకి పిలిచి, తలుపు దగ్గరికి వేసి, జేబులోంచి పొట్లం తీశాడు. అందులో నీలంగా మెరిసే పలుకులు ఉన్నాయి. మైలతుత్తం.

మిల్లులో వానాకాలమంతా గంజిలో ఇది చిటికెడు వేస్తారని, బూజు మాట దేవుడెరుగు, దాని వాసన కూడా రాదని అల్లుడు చెప్పాడు. రామన్నపేటలో ఇది ఇంకెవరికీ తెలియదు. తెలిస్తే అందరి గుడ్డా ఒకటే అవుతుంది, మామ గుడ్డకు విలువేముంటుంది? కాబట్టి గుట్టుగా ఉంచాలన్నాడు. అంతటితో ఊరుకోకుండా చెయ్యి చాచాడు.

"నర్మద మీద ఒట్టెయ్యి అత్తమ్మా. ఎవలకు చెప్పనని."

కడుపుతో ఉన్న పిల్ల మీద ఒట్టేమిటని సక్కుబాయి అనబోయింది. కాని చెయ్యి చాచి నిలబడ్డది అల్లుడాయె. వెయ్యనంటే చెప్పే ఉద్దేశం ఉందనుకుంటాడు. పక్కగదిలో నర్మద నిద్రపోతున్నది. సక్కుబాయి అటు ఒకసారి చూసి, అల్లుడి చేతిలో చెయ్యి వేసింది.

వారం ఉండి అల్లుడు షోలాపూరు పోయాడు. వానలు మొదలయ్యాయి. అల్లుడు చెప్పింది అక్షరాలా నిజమైంది. ముసురు ఎంత పట్టినా కైలాసం పడుగుకు చుక్క బూజు పట్టలేదు. గంజికి లేతగా నీలిఛాయ వచ్చేది గనుక, ఎవరి కంటా పడకుండా సక్కుబాయి కోడి కూయకముందే లేచి కాచేది. విచిత్రం ఏమిటంటే ఆ ఏడు వాడలో అందరికీ కోడి కూయకముందే లేచే బుద్ధి పుట్టింది. ఏ ఇంటి ముందు చూసినా తెల్లారేసరికి పడుగుకు గంజి పట్టించడం అయిపోయేది. పగలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నప్పుడు మాత్రం ఏమి బూజు, ఏమి కర్మ అని ఎప్పటిలాగే తల కొట్టుకునేవాళ్లు. సక్కుబాయి అందరికంటే గట్టిగా కొట్టుకునేది.

పడుగుకు పట్టించగా మిగిలిన గంజి సంగతి సాలెవాడలో వేరే చెప్పే పని లేదు. గంజి పారబోసిన ఇంట్లో లక్ష్మి నిలవదని వాళ్ల తాతల నాటి మాట. మిగిలిందంతా పెరట్లో కుడితి తొట్టిలోకి పోతుంది. సక్కుబాయి సగం బర్రెకు పోసి, సగం నవాబుకు పెట్టేది. బర్రె తాగి చెంబు నిండా పాలిచ్చేది. నవాబు తాగి, మూతి నాకి, ఇంకొంచెం పొయ్యమన్నట్టు కొమ్ముతో తొట్టిని తట్టేవాడు. ఆయన నునుపు చూసి నర్మద మురిసిపోయి, నన్ను సాదినదానికంటె దీన్నే మంచిగ సాదినవవ్వా అని తల్లిని ఏడిపించేది.

శ్రావణంలో ఎదురింటి భూమవ్వ గొర్రె చచ్చిపోయింది. రెండు రోజులు మేత ముట్టకుండా నిలబడి, కళ్లు పసుపు పచ్చనై, మూడోనాడు ఒరిగిపోయింది. భూమవ్వ వాకిట్లో కూర్చొని, పాపిష్టి కన్ను పడింది, ఆ కన్ను ఎవరిదో నాకు తెలుసు అని సక్కుబాయి ఇంటికేసి తిరిగి ఏడ్చింది. నిజానికి మొన్ననే ఆ గొర్రెను చూసి ఎంత బలిసిందే అన్నది సక్కుబాయే. అన్న మాట అబద్ధం కాదు గనుక ఏమీ అనలేకపోయింది. అప్పటినుంచి ఇద్దరికీ మాటలు లేవు. బావి దగ్గర ఎదురుపడితే ఒకరు కుడికి, ఒకరు ఎడమకు చూసుకొని నీళ్లు చేదుకునేవాళ్లు.

భాద్రపదంలో నవాబు వంతు వచ్చింది. ఒకనాడు పొద్దున వాడ చుట్టిరావడానికి లేవలేదు. నర్మద వెళ్లి చూస్తే గోడకు తల ఆనించి నిలబడి ఉన్నాడు. గంజి పోస్తే వాసన చూసి మొహం తిప్పుకున్నాడు. కళ్ల తెల్లగుడ్డు పసుపు కొట్టుకుపోయింది. సక్కుబాయికి భూమవ్వ గొర్రె గుర్తుకొచ్చింది. గంజి మీద ఆమెకు అనుమానమే రాలేదు. అదే గంజి తాగిన బర్రె పక్కనే నిలబడి నెమరేస్తున్నది గదా. పగ తీర్చుకున్న కన్ను ఎవరిదో ఆమెకూ తెలుసనిపించింది. ఎండు మిరపకాయలు, ఉప్పు కలిపి దిష్టి తీసి పొయ్యిలో వేసింది. మిరపకాయల ఘాటుకు ఇంట్లో అందరూ దగ్గారు గాని నవాబు కదలలేదు. మర్నాటికి ఆయన పోసే మూత్రం కాఫీ రంగుకు తిరిగింది. నర్మద అన్నం ముట్టడం మానేసింది. నిండు చూలాలు తిండి మానేస్తే ఏ తల్లికి నిద్ర పడుతుంది?

అదృష్టం ఏమంటే, పశువులకు వచ్చే పెద్దరోగానికి టీకాలు వేయడానికి కరీంనగర్ నుంచి గొడ్ల డాక్టరు ఆరోజే ఊళ్లో దిగాడు. ఆయన పేరు లింగమూర్తి. ముప్పై ఏళ్లు కూడా నిండని మనిషి. గొడ్లతో మీరు అని, మనుషులతో నువ్వు అని మాట్లాడతాడని పేరు. సూది గుచ్చేముందు బర్రె చెవిలో ఒక్క నిమిషం ఓర్చుకోండి అంటాడు, తాడు సరిగా పట్టని యజమానిని మాత్రం చెడామడా తిడతాడు. కైలాసం పోయి బతిమాలితే టీకాల పని ఆపి సంచి భుజాన వేసుకొని వచ్చాడు. ఆయన వెంట వాడ వాడంతా వచ్చింది. సాలెవాడలో ఒకరింటికి డాక్టరు వచ్చాడంటే పెళ్లికి వచ్చినంత మంది వస్తారు. భూమవ్వ కూడా వచ్చింది గాని, తాను రాలేదన్నట్టు గుంపు వెనుక మొహం తిప్పుకొని నిలబడింది.

లింగమూర్తి నవాబు ముందు గొంతుక్కూర్చొని, కింది కనురెప్ప లాగి చూశాడు. చిగుళ్లు చూశాడు. పొట్ట కుడిపక్కన, ఊళ్లో కార్జం అనే కాలేయం మీద, వేళ్లతో నొక్కితే నవాబు మూలిగాడు. డాక్టరు మొహంలో నవ్వు పోయింది. మేత ఏం పెడుతున్నారని అడిగితే సక్కుబాయి గడ్డి, రేగాకు, కుడితి అని చెప్పింది. కొత్తగా ఏమైనా పెట్టారా అంటే లేదన్నది. నిజానికి ఆమె అబద్ధం చెప్పాలని చెప్పలేదు. గంజి ఆమెకు కొత్తది కాదు, మేతా కాదు, మందూ కాదు. ఎప్పుడూ పోసే కుడితి.

డాక్టరు ఇంకొక ప్రశ్న వేశాడు.

"కడుపుల పురుగులకని మైలతుత్తం నీళ్లేమన్నా తాగిచ్చిన్రా? ఊళ్లల్ల శానమంది తాగిస్తుంటరు."

గుంపులో కొందరు నేలచూపులు చూశారు. కైలాసం వెనుకనుంచి చిన్నగా దగ్గాడు. ఆ దగ్గు అర్థం సక్కుబాయికి తెలుసు. తాగించలేదని తల ఊపింది. ఊపిన తర్వాత మనసు ఊరుకోలేదు. ఊరికే తెలుసుకుందామని అడుగుతున్నట్టు, తుత్తం తాగితే బర్రెకు కూడా ఇట్లాగే అవుతుందా అని అడిగింది.

"బర్రె ఓర్చుకుంటదవ్వా, గొర్రె ఓర్చుకోదు," అన్నాడు లింగమూర్తి. "తుత్తంల ఉండేది రాగి. గొర్రె కార్జం పిసినారిది. వచ్చిన రాగినంత మూటగట్టి దాచుకుంటది, బయటికి పోనియ్యది. అది దాచుకునే దినాలల్ల పైకేం తెల్వది, మంచిగ నున్నగ కనవడ్తది. ఒక్కపారి మూట నిండిందనుకో, పగిలి నెత్తుర్లకొస్తది. నెత్తురంత ఇరిగి మూత్రంల పోతది."

నున్నగా కనబడుతుందన్న మాట సక్కుబాయికి సూటిగా తగిలింది. వానలు పడ్డ నాటినుంచి రోజూ తన చేత్తో పోసిన గంజి, తొట్టిని కొమ్ముతో తట్టిన చప్పుడు అన్నీ ఒక్కసారిగా కళ్లముందు తిరిగాయి. కుడితిలో పడ్డ ఎలుక మాదిరి అయింది ఆమె పని. చెబుదామంటే ఒట్టు, ఊరుకుందామంటే ఎదురుగా పొట్టేలు.

లింగమూర్తి సంచి విప్పి సూది బయటకు తీశాడు. తుత్తం కాకపోతే ఇది పిడుదులు కరిచి వచ్చే జ్వరమే అయి ఉంటుందని, దానికి సూది వేస్తానని కైలాసంతో చెప్పాడు. మందు గట్టిది, కార్జం మీద భారం పడుతుంది, జ్వరమే అయితే బతుకుతుంది, కాకపోతే ఈ మందే చంపుతుంది అని కూడా దాచకుండా చెప్పాడు. తాడు పట్టుకొమ్మన్నాడు. కైలాసం తాడు పట్టుకున్నాడు.

అప్పటిదాకా లోపల పడుకున్న నర్మద గోడ పట్టుకొని బయటకు వచ్చింది. నేల మీద మెల్లగా కూర్చొని నవాబు తలను ఒడిలో పెట్టుకుంది. కడుపు అడ్డం వస్తే పక్కకు ఒరిగి మరీ పెట్టుకుంది. ఏడవలేదు. చిన్ననాడు పాలవత్తి పట్టినప్పుడు చేసినట్టే, మూతి మీద వేలితో నిమురుతూ కూర్చుంది.

సక్కుబాయి చూస్తున్నది. ఏ తల మీద ఒట్టు వేసిందో ఆ తల, ఏ ప్రాణం పోతున్నదో ఆ ప్రాణం, రెండూ ఒక్కచోటే ఉన్నాయి. ఒట్టు తప్పితే బిడ్డకేమవుతుందో తెలియదు. తప్పకపోతే ఏమవుతుందో మాత్రం కళ్లముందే కనబడుతున్నది. డాక్టరు సూదిలోకి మందు ఎక్కిస్తున్నాడు.

"ఆగుండ్రి సారూ," అన్నది సక్కుబాయి. "తాగిచ్చిన. ఒక్కపారి గాదు, వానలు వడ్డకాడి సంది దినాం తాగిచ్చిన. పడుగుకు పెట్టే గంజిల తుత్తమేస్తున్నం. మిగిలింది దీనికే పోసిన."

అని, కూలబడి, కూతురి తల మీద చెయ్యి పెట్టి ఏడ్చింది. నీ మీద ఒట్టేసి తప్పిన బిడ్డా, నీకేమన్నయితే నేను బతకను అంటూ వాడంతా వింటుండగా బోరుమన్నది. నర్మద ఏమీ అర్థం కాక తల్లి వైపు చూసింది. కైలాసం తాడు వదిలేసి బీడీ కోసం వెతుక్కున్నాడు. గుట్టంతా రట్టయింది. ఇక రేపటినుంచి అందరి గుడ్డా ఒకటే.

లింగమూర్తి సూదిని తిరిగి సంచిలో పెట్టాడు. పెడుతూ పెడుతూ ఆగి, గుంపు వైపు తిరిగాడు. ఆయనకు ఏదో తేడా కొట్టింది. కూరలో ఉప్పు ఎక్కువైతే ఎందుకైందని పది మంది అడిగే వాడ అది. గంజిలో తుత్తం వేశానని ఒక మనిషి నడివీధిలో ఏడుస్తుంటే ఒక్కరూ నోరు తెరవలేదు. అందరూ తేలు కుట్టిన దొంగల్లా నిలబడ్డారు.

"గంజిల తుత్తమెందుకే అని ఒక్కలు గూడ అడుగుతలేరేంది?" అన్నాడు డాక్టరు.

వెనుక వరసలో ఒకాయన తలపాగా సర్దుకున్నాడు. ఇంకొకాయన పొయ్యి మీద ఏదో పెట్టి వచ్చానని గొణిగాడు. గొణిగినవాడు పొయ్యి మొహం ఎన్నడూ చూడనివాడు. అతను నాలుగడుగులు మెల్లగా వేసి, మూల తిరగ్గానే పరుగందుకున్నాడు. ఆ పరుగు చప్పుడుకు గుంపు మొత్తం కదిలింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరి మట్టుకు వాళ్లు ఎవరి ఇంటికి వాళ్లు జారుకున్నారు. కాసేపటికి వాడలో ఆ చివర నుంచి ఈ చివరిదాకా పెరళ్లలో తొట్లు బోర్లిస్తున్న చప్పుడు, హెయ్ హెయ్ అని గొర్రెలను అదిలిస్తున్న చప్పుడు వినపడింది. తాతల నాటినుంచి చుక్క పారబోయని గంజి ఆ పూట కాలవలై పారింది.

"పారబోసుడు గాదు, గుంట తీసి పూడ్సుండ్రి, లేకుంటె మళ్ల నాకుతయి," అని లింగమూర్తి వీధి మధ్యలో నిలబడి కేకలు పెట్టాడు.

వాకిట్లో మిగిలింది భూమవ్వ ఒక్కతే. ఆమెకు పారబోయాల్సిన తొట్టి ఉన్నా కాపాడుకోవలసిన గొర్రె లేదు. నిలబడ్డచోటనే కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఉంది. తర్వాత మెల్లగా వచ్చి సక్కుబాయి పక్కన కూర్చుంది. నెలన్నర తర్వాత మొదటిసారి ఆమె మొహం చూసి మాట్లాడింది.

"నా గొర్రెకు నీ కన్ను తాకలేదు వదినె. నా చెయ్యే తాకింది."

సక్కుబాయి కళ్లు తుడుచుకొని, నీకు తుత్తం సంగతి ఎవరు చెప్పారని అడిగింది. భూమవ్వ ఇటూ అటూ చూసింది. చెప్పాలా వద్దా అని కాసేపు తన్నుకులాడింది.

"మీ అల్లుడే. మా ఇంట్ల పప్పుగారెలు తిని చెప్పిండు. ఎవలకు చెప్పద్దని నా కొడుకు మీద ఒట్టు గూడ ఏపిచ్చుకున్నడు."

అప్పుడర్థమైంది సక్కుబాయికి, అల్లుడు ఆ వారం రోజులు ఇంటింటికీ పోయి తిన్న గారెలకూ సకినాలకూ బదులు ఏమిచ్చి వచ్చాడో. మంచివాడే, మాటకారే. అతని నోట్లో నువ్వుగింజ నానదంతే. తిండి పెట్టిన వాళ్లకు తన దగ్గరున్న గొప్ప సంగతి చెప్పకుండా ఉండలేకపోయాడు. చెప్పిన ప్రతి ఇంట్లోనూ ఒట్టు వేయించుకొని, గుట్టు తన దగ్గర భద్రంగా ఉందనుకొని షోలాపూరు బండెక్కాడు. ఈ వీధిలో పిల్లల తలలన్నీ ఒట్లతో నిండి ఉన్నాయి. ఆ మాట అనుకోగానే సక్కుబాయికి ఏడుపు మధ్యలో నవ్వు తన్నుకొచ్చింది. ఆపుకోలేక నవ్వింది. భూమవ్వ కూడా నవ్వింది. చచ్చిన గొర్రె గుర్తుకొచ్చి మళ్లీ ఏడ్చింది. సక్కుబాయి ఆమె భుజం మీద చెయ్యి వేసి కూర్చుంది.

నర్మద నవ్వలేదు. నా మీద ఒట్టా, అని ఒక్కమాట అడిగి, అవునని తెలిసి, తల వంచుకొని పొట్టేలు మూతి నిమురుతూ ఉండిపోయింది.

లింగమూర్తి ఆశ పెట్టలేదు, ఆశ తీసెయ్యనూ లేదు. నిన్నగాక మొన్న మొదలైంది గనుక సగం సగం అన్నాడు. మందు పొట్లాలు కట్టి ఇచ్చి, నీళ్లలో కలిపి పూటపూటా తాగించమన్నాడు. నీడన ఉంచాలి, అదిలించకూడదు, నడిపించకూడదు. టీకాల పనిమీద ఊళ్లో ఉన్నన్నాళ్లూ సాయంత్రం వచ్చి చూసి పోయేవాడు. వచ్చినప్పుడల్లా నవాబును ఎట్లా ఉన్నారు అని అడిగేవాడు, కైలాసాన్ని మాత్రం తొట్టి సరిగా కడిగావా లేదా అని తిట్టేవాడు. వాడలో ఇంకొన్ని గొర్రెల కళ్లు కూడా పచ్చబడ్డాయి. గంజి మానేసరికి వాటికి ఆ పచ్చదనం దిగిపోయింది. భూమవ్వ రోజూ లేత రేగుకొమ్మలు కోసుకొచ్చి నవాబు ముందు పెట్టి, తింటాడేమోనని కూర్చునేది. ఆయన చూడను కూడా చూసేవాడు కాదు. ఒకరోజు పొద్దున ఆమె కొమ్మ పెట్టి లేవబోతుంటే కొంగు వెనక్కి లాగినట్టయింది. తిరిగి చూస్తే నవాబు కొమ్మను వదిలి ఆమె చీరె కొంగు నములుతున్నాడు. భూమవ్వ కొంగు విడిపించుకోకుండా, సక్కుబాయిని కేకేసి పిలిచి, తర్వాత ఆ చిరిగిన కొంగును వాడంతా చూపించుకుంటూ తిరిగింది.

వాడలో ఆ తర్వాత ఒక కొత్త పద్ధతి వచ్చింది. గంజి కాగగానే ముందు గొడ్ల వాటా తీసి పక్కన పెట్టాలి, ఆ తర్వాతే కుండలో తుత్తం పడాలి. తుత్తం కలిసిన గంజి మిగిలితే గుంటలోకే. ఇప్పుడు పని అంతా పట్టపగలే, అందరి ఎదుటే. గుడ్డల మీద బూజు లేదు, అందరి గుడ్డా ఒకటే అయింది. సొసైటీ గుమస్తాకు వంక పెట్టడానికి ఏమీ దొరకక ఆ ఏడు పాపం అతనే దిగాలుపడ్డాడు. మళ్లీ పేరంతా ఎవరి గంజి ఎంత బాగా కాగిందన్న దాని మీదికే వచ్చింది. ఆ లెక్కన సక్కుబాయికి పోయిందేమీ లేదు.

కాని ఆమె మనసులో ముల్లు ఒకటి ఉండిపోయింది. నర్మద నెలలు నిండేకొద్దీ ఆ ముల్లు గుచ్చుకునేది. అందరి ఒట్లూ అందరూ తప్పారు గదా, ఒట్టు తీసి గట్టు మీద పెట్టు అని భూమవ్వ ఎంత చెప్పినా, సక్కుబాయి కూతురు తుమ్మినా ఉలిక్కిపడేది. బతుకమ్మ పండుగ వెళ్లిన వారానికి నర్మద ఆడపిల్లను కన్నది. తల్లీ పిల్లా నిక్షేపంగా ఉన్నారని మంత్రసాని చెప్పినప్పుడు సక్కుబాయి గుమ్మం బయట గోడకు ఆనుకొని కూర్చుండిపోయింది.

పురుటికి దేవదాస్ షోలాపూరు నుంచి వచ్చాడు. బస్సు దిగిన దగ్గరనుంచే అతనికి మర్యాదలు మొదలయ్యాయి. అరుగు మీద కూర్చున్న ప్రతివాళ్లూ పలకరించి, అల్లుడా, ఈసారి ఏం గుట్టు తెచ్చినవ్, మా ఇంటికి రా, గారెలు చేస్తం అన్నారు. మొదటి ఇంటి దగ్గర నవ్వాడు. రెండో ఇంటి దగ్గర మొహం మాడింది. అత్తగారింటికి చేరేసరికి చెవులు ఎర్రబడ్డాయి. కాళ్లు కడుక్కొని లోపలికి వచ్చి, ఎవరి మొహం చూడాలో తెలియక, చాప మీద పడుకున్న బిడ్డ పక్కన కూర్చున్నాడు. సక్కుబాయి మంచినీళ్ల చెంబు అందించి పక్కనే నిలబడింది.

"నేను కావాలని చెయ్యలే నర్మదా," అన్నాడు. "ఇగ ఎవలకు ఏ ముచ్చట చెప్పను. గీ బిడ్డ మీద ఒట్టు..."

అంటూ బిడ్డ తల వైపు చెయ్యి చాచాడు. ఆ చెయ్యి అక్కడిదాకా పోలేదు. నర్మద మధ్యలోనే మణికట్టు పట్టుకుంది.

"దాని తలకాయ దానిది. నన్నడగకుండ నా మీద ఒట్టు పెట్టిన్రు, పెట్టినోళ్లకు గుట్టు దక్కె, బరువు మోసినదాన్ని నేను. మా అవ్వ నెల దినాలు నన్ను జూసి ఏడ్వని దినం లేదు. ఇగ నా బిడ్డ మీద ఒక్కలు గూడ చెయ్యి పెట్టద్దు. పెట్టేదుంటె నీ తల మీదనే పెట్టుకో."

ఆ మాటకు సక్కుబాయి మనసులోని ముల్లు ఊడి కింద పడ్డట్టయింది. అల్లుడి ముందు నవ్వకూడదని కొంగు అడ్డం పెట్టుకుంది. నర్మద పట్టుకున్న చేతిని తీసుకుపోయి మెల్లగా మొగుడి తల మీదే పెట్టి వదిలింది. దేవదాస్ ఆ చెయ్యి దించడానికి సాహసించలేదు. సొంత తల మీద చెయ్యి పెట్టుకున్న తర్వాత, ఒట్టేసి చెప్పదగ్గ మాట ఒక్కటంటే ఒక్కటి అతనికి తోచలేదు.